ఫ్రెంచి హోంవర్కూ వేరుశనగ పచ్చడీ

పోయిన ఆదివారం మెల్‌బోర్న్ శివార్లలో పాయింట్ కుక్‌లోని మా ఇంటి వంటగదిలో అమ్మ వేరుశనగ గుళ్ళు వేయించింది. గుళ్ళు దోరగా వేగుతున్న కమ్మటి వాసన, దాని వెనకాలే ఎండుమిర్చి ఘాటు, ఆ వెనక నానిన చింతపండు పులుపు, మూడూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని హాల్లోకి వచ్చేసరికి మా ఆయనకి ఆకలేసింది, మా అమ్మాయికి తుమ్మొచ్చింది, నా కుడిచెయ్యి మాత్రం నన్నడక్కుండానే లేచి నడినెత్తిని కప్పుకుంది. ఆ మరుక్షణం మిక్సీ గుర్రుమంది.

"తలనొప్పా?" అన్నాడు మా ఆయన.

"కాదు, ఫ్రెంచి," అన్నాను.

నాకప్పుడు ఏడేళ్ళు, అక్కకి తొమ్మిది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాపానికి కొత్త శతాబ్దం పుట్టగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒకేసారి గుండాగి చచ్చిపోతాయని దేశదేశాలూ వణికిపోతున్న కాలం అది. ఆ వణుకే మాకు అన్నం పెట్టింది. తెనాలిలో ఎవరూ పట్టించుకోని పాత కంప్యూటరు భాషొకటి నేర్చుకున్న పుణ్యానికి మా నాన్నని మెల్‌బోర్న్ పిలిపించి, టై కట్టించి, ఆ రెండంకెల్ని నాలుగంకెలు చేసే పనిలో కూర్చోబెట్టారు. మేము ఎర్ర ఇటుకల యూనిట్ ఒకటి, అంటే చిన్న వాటా, అద్దెకి తీసుకున్నాం. మా వంటగది కిటికీకీ పక్కింటి మార్గరెట్ ఆంటీ గులాబీ మొక్కలకీ మధ్య అడ్డం ఒక చెక్క కంచె మాత్రమే. ఆవిడ ఒంటరి ముసలావిడ, రోజూ సాయంత్రం గొట్టం పట్టుకుని మొక్కలకి నీళ్ళు పోస్తూ, కంచె మీదుగా మాకు నిమ్మకాయలు అందించేది. మేము పచ్చడి అందించేవాళ్ళం. ఎందుకంత పచ్చడి ఉండేదో ముందుముందు తెలుస్తుంది.

మా యూనిట్‌కి దగ్గర్లో ఉన్న బడిలో రెండు రకాల తరగతులుండేవి: ఒకటి మామూలు ఇంగ్లీషుది, రెండోది ఫ్రెంచిది. ఆఫీసు గదిలో ఆ సంగతి చెప్పగానే నాన్న కళ్ళు మెరిశాయి. ఆయన విజయవాడలో ఇంటర్మీడియట్ చదివినప్పుడు సెకండ్ లాంగ్వేజీ సంస్కృతం తీసుకుని, సంస్కృతంలో మంచినీళ్ళు అడగడం రాకుండానే నూటికి దగ్గరగా మార్కులు తెచ్చుకున్న మనిషి. హైదరాబాదులో పెద్దింటి పిల్లలు ఫ్రెంచి తీసుకుని ఇంకా ఎక్కువ తెచ్చుకుంటారని అప్పట్లోనే విని కుళ్ళుకున్నాడట.

"స్కోరింగ్ సబ్జెక్టే అది," అన్నాడు అమ్మతో, బడి ఆఫీసావిడ వినకుండా, ఏదో దొంగసొమ్ము చవగ్గా దొరికినట్టు. "ఫ్రీగా ఇస్తున్నారు. రాయించెయ్."

ఆ తరగతిలో ఫ్రెంచి ఒక సబ్జెక్టు కాదనీ, సబ్జెక్టులన్నీ ఫ్రెంచిలోనేననీ ఆయనకి మొదటి వారం హోంవర్కు ఇంటికొచ్చినప్పుడు తెలిసింది. కూడికల కాగితం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంకెలు తప్ప దాంట్లో ఆయనకి చుట్టాలెవరూ లేరు. "లెక్కలు కూడానా?" అన్నాడు, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టర్ని అడిగినట్టు. అప్పుడే మమ్మల్ని ఇంగ్లీషు తరగతికి మార్పించి ఉంటే ఈ కథ లేదు. కానీ రాయించిన తర్వాత వెనక్కి తీసుకోవడం మా వంశంలో లేదు.

రెండు మూడు తరగతుల వాళ్ళని కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టేవారు కాబట్టి నాకూ అక్కకీ టీచరొకరే. ఆవిణ్ణి మదాం అనేవాళ్ళం. పొట్టి జుట్టు, పొడుగు చేతులు, ఒంటి నుంచి ఎప్పుడూ నారింజ తొక్క వాసన. రోజూ సాయంత్రం మా భుజాలకి ఒక్కో నీలం గుడ్డసంచీ తగిలించి పంపేది. దాంట్లో ఒక చిన్న బొమ్మల పుస్తకం, కొన్ని మాటల అట్టముక్కలు, పాడుకోవడానికి ఒక పాట. ఇంట్లో పెద్దవాళ్ళకి ఫ్రెంచి రానక్కర్లేదనీ, బిడ్డ చదువుతుంటే పది నిమిషాలు పక్కన కూర్చుని వింటే చాలనీ మొదటి మీటింగులోనే చెప్పింది. నాన్న బుద్ధిగా తల ఊపి వచ్చాడు. ఆయన చెవికెక్కింది 'పక్కన కూర్చుని' అన్నంతవరకే.

ఎందుకంటే నాన్న పెరిగిన చోట చదువంటే అప్పజెప్పడం. ఎక్కాలైనా పద్యాలైనా, చేతులు కట్టుకుని, కళ్ళు పైకెత్తి, ఊపిరి తీసుకోకుండా గడగడా అప్పజెప్పాలి. ఆగావంటే రాదన్నమాట. మరి రాని భాషలో పిల్లలకి పాఠం వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవడం? దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం శాస్త్రీయంగానే ఉంటుంది: ఆగితే తప్పు, ఆగకపోతే ఒప్పు. కామా దగ్గర ఊపిరి పీలిస్తే ఒక మొట్టికాయ. పుస్తకంలో కుందేలు ఆశ్చర్యపోయి ఆగినా మాకు మొట్టికాయే. దాంతో మేము ఫ్రెంచిని పదమూడో ఎక్కం రాగంలో, విజయవాడ నాన్‌స్టాప్ బస్సులా, మధ్యలో ఏ స్టాపులోనూ ఆపకుండా లాగించడం నేర్చుకున్నాం. బళ్ళో మిగతా పిల్లలు తోటలో నడిచినట్టు చదువుతుంటే మేమిద్దరం కుక్క తరిమినట్టు చదివేవాళ్ళం. మదాం నోరు తెరుచుకుని వినేది. మెచ్చుకుంటోందనుకున్నాం.

ఆ ఇంటి దెబ్బలకి ఒక పద్ధతుండేది. మొట్టికాయ నాన్నది, వేలి కణుపుతో సరిగ్గా సుడి మీద దించేవాడు. తొడపాశం అమ్మది, గౌను అంచు కింద, బయటికి కనపడని చోట, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త కండ పట్టుకుని గడియారానికి కీ ఇచ్చినట్టు తిప్పేది. గోడకుర్చీ ఉమ్మడి ఆస్తి. చెంపదెబ్బ, చెక్క స్కేలు, ఒకటి రెండు సార్లు బెల్టు, ఇవి పెద్ద పండగలకి. ఆస్ట్రేలియా వచ్చిన కొత్తలో తెలుగువాళ్ళ ఇంట్లో భోజనానికి వెళ్తే అంకుల్ ఒకాయన, "ఇక్కడ పిల్లల మీద చెయ్యేశావంటే పక్కింటోళ్ళు పోలీసులకి ఫోన్ కొడతారు బ్రదర్, వీసా గోవిందా," అని నాన్న చెవిలో ఊదాడు. ఇంకొకరైతే కొట్టడం మానేసేవారు. మావాళ్ళు శబ్దం సంగతి చూశారు.

అమ్మ మిక్సీని తెనాలి నుంచి పెట్టెలో పట్టుచీరల మధ్య, పసిబిడ్డలా చుట్టి తెచ్చింది. దాని బరువుకి సరిపడా మా చలిబట్టలు అక్కడే వదిలేశారు. మిక్సీ వేస్తే రోడ్డు రోలరు ఇంట్లోకొచ్చినట్టుండేది. సాయంత్రం హోంవర్కు సంచీ విప్పగానే నాన్న కిటికీలు మూసేవాడు, అమ్మ మిక్సీ దగ్గర నిలబడేది. నాన్న గొంతు ఒక మెట్టెక్కగానే స్విచ్చి నొక్కేది. ఉత్తినే తిప్పితే మోటారు కాలిపోతుంది, కరెంటు దండగ, కాబట్టి ఏదో ఒకటి వేసేది. చవగ్గా దొరికేవి వేరుశనగ గుళ్ళు. అలా మా ఇంట్లో దెబ్బలు పడ్డ రోజల్లా పచ్చడి పడేది.

కొన్నాళ్ళకి పచ్చడి చూసి ఆ సాయంత్రం ఎలా గడిచిందో చెప్పగలిగేదాన్ని. గుళ్ళు కచ్చాపచ్చాగా పంటికి తగిలితే మొట్టికాయలతో సరిపోయిందని. రవ్వలా ఉంటే స్కేలు. గంధంలా నలిగితే ఆ రోజు ఎవరో ఒకరు గోడకి కొట్టుకున్నారని. మార్గరెట్ ఆంటీ అప్పుడప్పుడూ కంచె అవతల నుంచి, "ఎవ్రీథింగ్ ఆల్‌రైట్, లవ్?" అని కేకేసేది. అమ్మ మిక్సీ ఆపి, కిటికీ కాస్త తెరిచి, "చట్నీ, మార్గరెట్!" అని నవ్వేది. మర్నాడు ఒక గిన్నెడు పంపేది. ఆవిడ బ్రెడ్డు మీద రాసుకుని తినేదట. మా ఏడుపులు అంత రుచిగా ఉంటాయని మాకు తెలీదు. ఇండియన్ కొట్టు అంకుల్ నాలుగోసారి గుళ్ళ బస్తా కారెక్కిస్తూ, "ఏమ్మా, పచ్చళ్ళ ఫ్యాక్టరీ గానీ పెట్టారా?" అన్నాడు. "పిల్లలకిష్టం," అంది అమ్మ.

అక్క నాలాంటిది కాదు. నాన్న చెయ్యి లేవకముందే నేను కింద పడి దొర్లి, చచ్చిపోతున్నట్టు నాలుక బయటపెట్టి, ఆయనకి నవ్వొచ్చేలా ఏదో ఒకటి చేసి సగం దెబ్బలు తప్పించుకునేదాన్ని. అక్కకి ఆ విద్య రాలేదు. నిటారుగా నిలబడి, అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పేది. మా ఇంట్లో అంతకంటే ప్రమాదకరమైన అలవాటు లేదు.

జూన్ జూలైల్లో ఇక్కడ చలికాలం. అయిదింటికే చీకటి మొహం పడేది. బయట గాలి కిటికీ రెక్కల్ని పట్టుకుని కొట్టేది. హాల్లో గోడకి బిగించిన గ్యాసు హీటరు వెలిగించగానే మొదట కాలిన దుమ్ము వాసన, తర్వాత ఆరిన సాక్సుల వాసన వచ్చేవి. దాని ముందే మా చదువులు. ఆ సాయంత్రం అక్కకి నూరు వరకూ అంకెలు హోంవర్కు. అప్పటికి మా అప్పజెప్పుళ్ళు వినీ వినీ నాన్నకి ఇరవై దాకా వచ్చేశాయి. కాబట్టి ఆ పూట పరీక్షాధికారి హోదాలో ఉన్నాడు. పొద్దుటి నుంచీ ఆఫీసులో రెండంకెల సంవత్సరాలతో కుస్తీ పట్టి వచ్చిన మనిషి, ఇంట్లోనూ అవే అడిగాడు.

"తొంభై ఏడు."

"కాత్ర్ వాఁ దీ సెత్," అంది అక్క.

నాన్న వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాడు. "నాలుగూ, ఇరవై, పదీ, ఏడూ... తొంభై ఏడు అడిగితే ఊళ్ళో అంకెలన్నీ చెప్తావేంటే?"

"అంతే నాన్నా. నాలుగు ఇరవైలు, పదిహేడు."

"నాతో ఆటలా?"

"దట్స్ హౌ దే సే ఇట్," అంది అక్క. తెలుగులో చెప్పి ఉంటే ఏమయ్యేదో గానీ, ఇంగ్లీషులో చెప్పిన నిజం ఆ ఇంట్లో ఎప్పుడూ పొగరులాగే వినపడేది. వంటగదిలో మిక్సీ గుర్రుమంది. నాన్న చెయ్యి లేచింది. అక్క ఒక చుట్టు తిరిగి, హీటరు మూలకి కనుబొమ్మ తగిలి, కింద కూర్చుంది. మొదట ఏమీ లేదు. తర్వాత అంతా రక్తమే, కన్ను మీద నుంచి, చెంప మీద నుంచి, నీలం సంచీ మీదకి. నేను అరిచాను. ఎంత అరిచినా వంటగదిలో అమ్మకి వినపడదు. ఇరుగుపొరుగుకి వినపడకూడదని పెట్టుకున్న మిక్సీ ఆవిడ చెవుల్ని కూడా కప్పేసింది. మాకు వీపు చేసి నిలబడి, గిన్నె మూత మీద అరచెయ్యి నొక్కిపెట్టి, పచ్చడి నలుగుతుంటే చూస్తోంది. నాన్న కూడా "సరళా! సరళా!" అని అరుస్తున్నాడు. తన మిక్సీ మీద తనే గొంతు చించుకోవడం నాన్నకి అదే మొదటిసారి. నేను వెళ్ళి చీర లాగితే గానీ అమ్మ తిరగలేదు.

డాక్టరు కుట్లు వేస్తూ ఎలా తగిలిందని అడిగాడు. "జారిపడింది," అన్నాడు నాన్న. "హీటరు," అంది అక్క. ఇద్దరూ సగం సగం నిజం చెప్పారు. కలిపి కూడినా మొత్తం రాలేదు. ఇంటికొచ్చేసరికి మిక్సీలో పచ్చడి వెన్నలా మెత్తబడి, నూనె పైకి తేలి ఉంది. ఆ రాత్రి ఎవరూ తినలేదు. పొద్దున్నే ఇడ్లీలోకి అదే వేసింది అమ్మ. పారెయ్యడం మా ఇంట్లో లేదు.

ఆ తర్వాత అక్క మాట్లాడ్డం మానేసింది. అన్ని వేళలా కాదు. ఎలాస్టిక్ తాడు ఆటలో అరిచేది, నాతో మంచం కోసం కొట్టుకునేది, ఒకసారి నా చెయ్యి కొరికింది కూడా. నీలం సంచీ విప్పగానే మాత్రం నోటికి తాళం పడేది. పుస్తకం తెరిచి, కళ్ళతో చదివి, పేజీ తిప్పేది. నాన్న బతిమాలాడు, చాక్లెట్లు తెచ్చాడు, రెండు రోజులు తన చేతిని జేబులో దాచుకున్నాడు కూడా. మూడో రోజు ఆగలేకపోయాడు. అప్పజెప్పమంటే అప్పజెప్పని పిల్ల, నాన్‌స్టాప్ బస్సు నడిపే నాన్నకి అర్థమయ్యే వస్తువు కాదు. ఆగినందుకు కొట్టే మనిషి అసలు బయల్దేరనందుకు ఇంకెంత కొట్టాలి? రోజూ పచ్చడే. గంధంలాంటి పచ్చడి. అక్క దెబ్బకీ దెబ్బకీ మధ్య పేజీ తిప్పేది. కొన్నాళ్ళకి బళ్ళో కూడా మౌనం మొదలైంది. మదాం ఏదైనా అడిగితే అక్క ఆవిడ చేతుల వైపు చూసేది. ఇలాగే ఉంటే అక్క ఇక ఎప్పటికీ మాట్లాడదేమోనని నాకు భయం పట్టుకుంది. అది పోగొట్టడానికి నేను రోజుకి ఎన్ని వెధవ్వేషాలు వేశానో. ఒక్కదానికీ నవ్వలేదు.

నవ్వించింది ఒక పక్షి. సెప్టెంబరు వస్తే ఇక్కడ వసంతం. వసంతం రాగానే మ్యాగ్‌పై అనే నలుపూతెలుపూ పక్షి గూడు కట్టి, ఆ వీధిలో నడిచే ప్రతివాణ్ణీ తన పిల్లల్ని ఎత్తుకుపోయే దొంగగా భావిస్తుంది. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చి, నెత్తి మీద ముక్కుతో పొడిచి పోతుంది. పిల్లలు ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలకి వెనకవైపు కళ్ళు గీసి, బోర్లించి నెత్తిన పెట్టుకుని బడికెళ్ళేవాళ్ళు. అవే రోజుల్లో వినాయకచవితి వచ్చింది. ఇరవయ్యొక్క రకాల పత్రి కావాలని, దొరికిన ఆకునే మారేడనుకుందామని, నాన్న మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని పార్కుకెళ్ళాడు. యూకలిప్టస్ కొమ్మ వంచి, విఘ్నేశ్వరుడి పేరు చెప్పి ఆకు తుంచుతుండగా మ్యాగ్‌పై వచ్చి, ఆయన నడినెత్తిన జుట్టు పలచబడిన చోట, సరిగ్గా మొట్టికాయ దిగే చోటే, టంగుమని కొట్టింది. నాన్న "అమ్మా!" అన్నాడు. రెండోసారి కొట్టింది. పత్రి వదిలేసి, తల మీద రెండు చేతులూ పెట్టుకుని, వంగి, పరిగెత్తాడు. నాన్నని ఎవరైనా కొట్టడం చూడటం మాకదే మొదలు. పక్కకి చూస్తే అక్క నవ్వుతోంది. కనుబొమ్మలో కొత్తగా పడ్డ సందు కూడా నవ్వుతోంది. ఆ ఏడు వినాయకుడికి పత్రి తక్కువైంది గానీ, ఉండ్రాళ్ళు అక్క మూడు ఎక్కువ తింది.

వేసవి దగ్గరపడి సాయంత్రాలు పొడుగవుతున్న రోజుల్లో మదాం సంచీలో పుస్తకాలు పెట్టడం ఆపి కొత్త హోంవర్కు ఇచ్చింది. ఈ వారం మీరే టీచర్లు. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరికి పాఠం చెప్పండి. శుక్రవారం వచ్చి మీ విద్యార్థి ఎలా చదువుతున్నాడో తరగతికి చెప్పాలి. ఇదంతా అందరితోనూ చెప్పింది గానీ, చెప్తున్నంతసేపూ అక్క కనుబొమ్మ వైపే చూసింది. ఆవిడకి ఏం తెలుసో, ఎంత తెలుసో నాకిప్పటికీ తెలీదు.

ఆ సాయంత్రం నాన్న టై కూడా విప్పకుండా మా చిన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. హోంవర్కు అంటే ఆయనకి దేవుడితో సమానం. తన మీదకొచ్చినా సరే, కాదనడు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది నేను. ఎందుకంటే అక్క సంచీ విప్పింది, నోరూ విప్పింది.

"చేతులు కట్టుకో."

"అబ్బో, ఏం టీచరమ్మవే!"

"క్లాసులో నవ్వకూడదు."

నాన్న చేతులు కట్టుకున్నాడు. అక్క తన ముక్కు పట్టుకుని "ల నే" అంది. నాన్న అన్నాడు. చెవి పట్టుకుని "లొరేయ్" అంది. రోజూ మమ్మల్ని పిలిచే పిలుపులాగే ఉంది కాబట్టి అదీ బాగానే అన్నాడు. అరచెయ్యి చాపి "లా మాఁ" అంది. ఆ మాట ముక్కులోంచి రావాలి. ఆయనకి గొంతులో ఆగిపోయింది. సరే, పర్లేదు అంటుందనుకున్నాను, మదాం అన్నట్టు. అక్క చదువు చెప్పడం నేర్చుకున్నది మదాం దగ్గర కాదు.

"అప్పజెప్పు. మొదట్నుంచీ. ఆగకుండా."

"ల నే... లొరేయ్..." చెయ్యి దగ్గర ఆగాడు నాన్న. కళ్ళు పైకెత్తి వెతుక్కున్నాడు. అక్క పిడికిలి బిగించి, మధ్యవేలి కణుపు ముందుకి పెట్టి, మ్యాగ్‌పై చూపించిన చోటే, ఒక్క మొట్టికాయ దించింది. ఆ చప్పుడికి అలవాటుపడ్డ అమ్మ చెయ్యి, దెబ్బ ఎవరికి పడిందో కూడా చూసుకోకుండా, స్విచ్చి నొక్కేసింది. మిక్సీ గుర్రుమంది.

తర్వాత నాన్న లేచాడు. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి పడింది. మొహం ఇటుక రంగుకి తిరిగింది. ఆయన చెయ్యి, హీటరు రోజున లేచిన ఎత్తుకే లేచింది. అక్క కదల్లేదు, తల పక్కకి కూడా తిప్పలేదు. కింద పడి దొర్లే నా విద్య ఆ పూట గుర్తుకే రాలేదు.

మిక్సీ ఆగిపోయింది.

చెయ్యి గాల్లోనే ఉంచి, అటు తిరక్కుండానే నాన్న అన్నాడు: "వెయ్యి."

"వెయ్యను," అంది అమ్మ.

"సరళా, మిక్సీ వెయ్యమంటున్నాను!"

"దేన్ని వెయ్యనండీ? నలగాల్సిందంతా నలిగిపోయింది." అమ్మ మిక్సీ తీగ గోడలోంచి ఊడబెరికి, చుట్టి, గట్టు మీద పెట్టింది. తర్వాత కిటికీ రెక్క పూర్తిగా తోసేసింది. "కొడితే ఇలాగే కొట్టండి. ఆవిడ కూడా వింటుంది."

కంచె అవతల గులాబీల మీద నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. అదీ ఆగింది.

"ఎవ్రీథింగ్ ఆల్‌రైట్, లవ్?"

రోజూ అయితే అమ్మ, చట్నీ మార్గరెట్, అనాలి. అనలేదు. నాన్న వైపే చూస్తోంది. "అడుగుతోంది. ఏం చెప్పాలో మీరే చెప్పండి."

పైకెత్తిన చేతితో మనిషి ఎంతసేపు నిలబడగలడు? మామూలుగానైతే దానికి చప్పున పనైపోతుంది, ఇలా గాల్లో ఊరికే నిలబడే అలవాటు లేదు పాపం. మెల్లగా కిందకి జారింది. నాన్న గొంతు సవరించుకుని, ఆఫీసు ఇంగ్లీషులో, కిటికీ వైపు చెప్పాడు: "ఎస్, మార్గరెట్. వియ్ ఆర్... స్టడీయింగ్ ఫ్రెంచ్."

"గుడ్ ఆన్ యా!" అని మెచ్చుకుంది మార్గరెట్ ఆంటీ. నీళ్ళు మళ్ళీ పడ్డాయి.

ఈ దేశంలో ఎవరింట్లో ఏం జరిగినా చివరికి అనే మాట అదే కాబట్టి ఆవిడకి ఏం వినపడిందో తెలుసుకునే వీల్లేదు. అక్క కుర్చీ ఎత్తి నిలబెట్టింది. తన అరచెయ్యి మళ్ళీ చాపింది.

"లా మాఁ. చెప్పు నాన్నా."

నాన్న కూర్చున్నాడు. తన అరచేతిని తిప్పి, అది తన ఒంటి మీద ఎప్పుడు మొలిచిందా అన్నట్టు చూసుకున్నాడు. "లా మాఁ," అన్నాడు. ఉచ్చారణ ఘోరంగా ఉంది. కళ్ళ నీళ్ళు మొట్టికాయ వల్లనే అయ్యుంటాయి. అక్క కణుపు గట్టిది.

శుక్రవారం తరగతిలో అక్క లేచి నిలబడి, నా విద్యార్థి కాస్త మొద్దు, కానీ ఇంకా నేర్పితే వస్తుంది అని ఫ్రెంచిలో చెప్పింది, మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుని. మదాం పొడుగు చేతుల్తో చప్పట్లు కొట్టింది.

ఆ రోజు నుంచీ నాన్న మారిపోయి రుషి అయ్యాడని రాస్తే బాగుంటుంది గానీ, మీరు నమ్మినా అక్క నమ్మదు. అరుపులు ఉన్నాయి. బల్ల మీద గుద్దులు ఉన్నాయి. ఒకసారి నా లంచ్ డబ్బా గోడకి తగిలి రెండు చెక్కలైంది. కానీ మా ఒంటి మీదకి మాత్రం చెయ్యి రాలేదు. కిటికీలన్నీ తెరిచిన ఇంట్లో, మిక్సీ లేకుండా, అవతలివాళ్ళకి వినపడేలా కొట్టడం ఆయనకి చేతకాలేదు. బహుశా తనకే వినపడేదేమో. ఇంట్లో కొన్నాళ్ళు పచ్చడికి కరువొచ్చింది. మార్గరెట్ ఆంటీ ఖాళీ గిన్నె పట్టుకుని కంచె దగ్గరకొచ్చి, ఏమైంది, మానేశారా అని అడిగింది. "మానేశాం," అంది అమ్మ.

కొత్త శతాబ్దం వచ్చింది, ఒక్క కంప్యూటరూ చావలేదు. చావనందుకు మెల్లగా నాన్న ఉద్యోగమే చచ్చిపోయింది. తెనాలి వెళ్ళిపోయాం. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజీ దగ్గరకొచ్చేసరికి నాన్న నన్ను అడక్కుండానే సంస్కృతం రాయించాడు. చదువులయ్యాక అక్కా నేనూ ఎవరి దారిన వాళ్ళం మళ్ళీ ఈ దేశానికే వచ్చిపడ్డాం. అక్క ఇంకో రాష్ట్రంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అనే చోట ఉంటుంది. పెద్ద ఇల్లు, వంటగదిలో అన్నీ ఉన్నాయి, మిక్సీ లేదు. పచ్చడి సీసాల్లో కొనుక్కుంటుంది. కనుబొమ్మలో సందు అలాగే ఉంది. ఇప్పుడది ఫ్యాషన్ అట, కుర్రాళ్ళు డబ్బిచ్చి గీయించుకుంటున్నారు. అక్కకి ఉచితంగా వచ్చింది.

ఎర్ర ఇటుకల యూనిట్లు లేవిప్పుడు. ఒకసారి కారు అటు తిప్పి చూశాను. బూడిద రంగు మూడంతస్తుల ఇళ్ళు, మధ్యలో కంచె కూడా కాదు, కాంక్రీటు గోడ. ఎవరింట్లో ఏం నలిగినా ఎవరికీ వినపడదు. గులాబీలు లేవు, నిమ్మచెట్టు లేదు, మార్గరెట్ ఆంటీ ఎప్పుడో పోయి ఉంటుంది. ఫ్రెంచి కూడా పోయింది. ముక్కు, చెవి, చెయ్యి మిగిలాయి. తొంభై ఏడు మాత్రం అడిగితే నిద్రలో కూడా చెప్తాను, ఆగకుండా.

పోయిన ఆదివారం మా అమ్మాయి బళ్ళో మొదటి ఏడాది, ప్రెప్ తరగతి పుస్తకం పట్టుకుని, తెనాలి నుంచి అమ్మమ్మతో మా దగ్గరకొచ్చిన తాతయ్య పక్కన సోఫాలో కూర్చుంది. ఇంగ్లీషు పుస్తకమే, పేజీకొక వాక్యం. అది ఒక్కో మాట దగ్గరా ఆగి, బొమ్మలో కుక్కని పలకరించి, కాలు గోక్కుని, మళ్ళీ మొదలుపెట్టి చదువుతుంది. నాన్న వింటున్నంతసేపూ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంటాడు. ఏంటి నాన్నా అలా కూర్చున్నావంటే చలేస్తోందంటాడు. ఫిబ్రవరిలో, బయట నలభై డిగ్రీల ఎండలో.

వంటగదిలో అమ్మ మిక్సీ వెయ్యగానే నాన్న సోఫాలోంచి సగం లేచాడు. పక్కన మనవరాలి తల తడిమి చూసి, తర్వాత నా వైపు చూసి, నా చెయ్యి నా నెత్తి మీదుండటం చూసి, గొంతెత్తి కేకేశాడు.

"సరళా! ఏంటది?"

మిక్సీ ఆగింది. అమ్మ వంటగది గుమ్మంలోకి వచ్చి, గరిటె అంచున కాస్త పచ్చడి నాన్నకి కనపడేలా పైకెత్తి చూపించింది. పలుకుపలుకుగా, కచ్చాపచ్చాగా ఉంది.

"పచ్చడండీ," అంది. "ఉత్త పచ్చడే."